చెనిక్కాయ గలగలమనేదాకా

2021 నవంబరు 18న తిరుపతి వీధులు ఏరులై పారుతుంటే నేను బైరాగిపట్టెడలో మా మేడ మీద కూర్చుని నాయనకు ఫోను మీద ఫోను చేస్తున్నాను. పాకాల దగ్గర మా ఊళ్లో ఆయన చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకించి మూడు దినాలే అయింది. చెట్లు కుప్ప వేసి పైన పట్ట కప్పినాడు. పైనుంచి రాని నీళ్లు కిందినుంచి వచ్చాయి. పొద్దుగూకినాక ఫోను కలిసింది.

"కాయంతా నానిపోయిండాది పాపా. ఎండ కాస్తే ఆరబెట్టుకుందాం. ఏం జేస్తాం."

ఎండ వెంటనే రాలేదు. ముసురు పట్టుకుంది. నేను రాయబోయేది పచ్చి చెనిక్కాయలతో వెన్న చేసుకోవడం గురించే అయినా, నాకు ఆ పని నేర్పింది ఆ తడిసిన కుప్పే కాబట్టి అక్కడినుంచే చెప్పాలి.

ఆ ఏడు ఆగస్టులో నా రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటు, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే చక్కెర జబ్బు గడప దగ్గర నిలబడినట్టు అని డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మకు, అమ్మమ్మకు ఆ జబ్బు ఉంది. రోజుకు మూడు కాఫీలు, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి దోసె, అదీ నా తిండి. మా అత్త ఏళ్లుగా మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు వింటూ నానబెట్టిన చెనిక్కాయలు, మొలకలు తినేది. నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఆమె పక్కనే కూర్చుని తినడం మొదలుపెట్టాను. రాగి సంగటి, కొర్రలు, అలసందలు, ఆకుకూరలు ఎక్కువయ్యాయి. జనవరి నుంచి పాలు, పెరుగు కూడా ఆపి చూద్దామనుకున్నాను. అప్పటి మా చిత్తూరు జిల్లా అంటే ఇంటింటా ఆవులు, ఊరూరా పాల కేంద్రాలు. అట్లాంటి చోట పెరుగు వద్దంటే అమ్మ చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు.

పొద్దున సంగటిలోకి, రొట్టెలోకి ఏదైనా కమ్మగా ఉండాలి గదా అని అంగట్లో పీనట్ బటర్ డబ్బా కొన్నాను. లేబులు చదివితే చెనిక్కాయ తర్వాత చక్కెర, ఆ తర్వాత హైడ్రోజనేటెడ్ నూనె. ఆ నూనె ఎందుకో తెలుసుకున్నాను. ఉత్త చెనిక్కాయ రుబ్బితే కొన్ని రోజులకు నూనె పైకి తేలుతుంది. 1920ల మొదట్లో అమెరికాలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే ఆయన గడ్డకట్టే నూనె కొంచెం కలిపితే అది తేలదని కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. అంటే ఆ నూనె తినేవాళ్ల కోసం కలిపింది కాదు, డబ్బా అంగట్లో నెలల తరబడి అందంగా నిలబడాలని కలిపింది. నాకు అది అక్కర్లేదనిపించింది. చెనిక్కాయ పండించే ఇంటి ఆడపిల్లను, దానికి డబ్బా కొనడమేంది? నేనే చేసుకుంటాననుకున్నాను. వేయించకుండా, పచ్చివాటితోనే.

జనవరిలో నాయన ఒక మూట పంపినాడు. ఆ నవంబరు కాయే, ఎండ వచ్చినాక ఆరబెట్టింది. పైకి బాగానే ఉంది, డొల్ల మీద కొంచెం నల్లమచ్చలు, అంతే. వలిచి, రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి మిక్సీలో వేశాను. నోట్లో పెట్టుకుంటే చేదు. ఒక ముద్ద కాదు, అంతా చేదే. మిగిలిన గింజలు పళ్లెంలో పోసి ఒక్కొక్కటే విప్పి చూశాను. రెండు బద్దల మధ్య, పైకి కనపడని చోట, పచ్చటి పసుపు పొడిలాగా బూజు.

దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, అది వదిలే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక వెతికితే, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ చెనిక్కాయ పిండిలో బూజు ఉందని తేలింది. అట్లా ఈ విషం బయటపడింది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సరు తెచ్చే వాటిలో ఒకటి. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. నేనేమో వేయించకుండా తినాలని కూర్చున్నాను.

ఒక ప్రైవేటు ల్యాబుకు అరకిలో గింజలు పంపాను. మన దేశంలో నేరుగా తినే గింజలకు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన. మా గింజల్లో 38 వచ్చింది.

ఆ కాగితం తీసుకుని ఊరికి పోయాను. నాయన చూసి, "తినేదానికి పనికిరాకుంటే ఆవులకేద్దాం లే" అన్నాడు. ఇది మా ఊళ్లో అందరూ చేసే పనే. చెడిన కాయ, గానుగ చెక్క ఆవులకే పోతుంది. కానీ ఆవు తిన్న ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, దాన్ని ఎమ్1 అంటారు. ఆ మాట చెప్పాను. నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పాలు పసిబిడ్లు గూడా తాగుతారు గదా" అన్నాడు. పద్నాలుగు మూటల్లో, ముసురుకు ముందే ఇంట్లో చేరిన ఆరు మూటలు వేరు చేసి అమ్మినాడు. తడిసినవి ఎనిమిది మూటలు ఆవుల కంటపడకుండా గుంట తవ్వించి పూడ్చినాడు. నూనెకైతే తీసుకుంటానని వ్యాపారి వచ్చినా ఇయ్యలేదు. ఆ ఏడు ఆయనకు అప్పు ఉంది. ఆ రోజు గుంట దగ్గర నిలబడిన మా నాయనను నేను ఎప్పటికీ మరిచిపోను.

అప్పటికే డిసెంబరులో బోరు కింద అరెకరం రబీ వేసి ఉన్నాడు. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ల ధరణి రకం. నా కోసమని ఆ అరెకరానికి మందులు కొట్టడం ఆపినాడు. జీవామృతం కలిపేది మా అమ్మ పని: డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మన్ను ఒక పిడికెడు, రెండు దినాలు పొద్దున సాయంత్రం కలపడం. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న ముందే వేసి ఉంది, తామరపురుగు లోపలికి రాకుండా. ఊడలు, అంటే పూతనుంచి భూమిలోకి దిగి కాయ పట్టే కాడలు, దిగేముందు ఖనిజ జిప్సం వేశారు, లేకుంటే తాలుకాయలు ఎక్కువవుతాయి.

రబీ కాయ ఏప్రిల్‌లో వస్తుంది. వాన ఉండదు, గాలి పొడిగా ఉంటుంది. బోరు కింద పంట కాబట్టి గింజ నిండే వేళ బెట్టకు గురికాదు. ఖరీఫ్‌లో చివర వాన ముఖం చాటేస్తే చెట్టు వాడిపోయి, భూమిలో ఉండగానే కాయకు ఈ బూజు పడుతుంది. ఆ తర్వాత పీకేవేళకు ఈశాన్య రుతుపవనం పడితే ఇంకా ఎక్కువవుతుంది. ఇవన్నీ తెలిసినాక, పచ్చిగా తినే వెన్నకు మా వైపు రబీ కాయ తప్ప వేరేది వాడకూడదని నిర్ణయించుకున్నాను. ఇప్పటికీ అదే నా మొదటి నియమం.

చెట్లు పీకినాక కాయ పైకి, ఆకు కిందికి ఉండేట్లు తిరగేసి వరసగా పరిచినారు. మూడు దినాలకు కాయలు తెంపి కళ్లంలో పల్చగా ఆరబోశారు. నాయన రోజూ ఒక గుప్పెడు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. తడి ఉన్న కాయ మూగగా ఉంటుంది, గింజ డొల్లకు అతుక్కుని ఉంటుంది కాబట్టి. బాగా ఎండితే గింజ లోపల విడిపోయి గలగలమంటుంది. తేమ నూటికి 8 పాళ్ల కంటే తగ్గాలని పుస్తకాల్లో రాస్తారు. మా నాయన చెవి కూడా అంతే చెప్తుంది. ల్యాబుకు మళ్లీ పంపితే ఈసారి పట్టుకోగలిగినంత విషం కూడా లేదని వచ్చింది.

వలవడం మిల్లులో వద్దనుకున్నాం. మిషనులో గింజ విరగకుండా ఉండాలని చాలాచోట్ల కాయ మీద నీళ్లు చల్లి వలుస్తారు. అన్ని దినాలు ఎండబెట్టిన కాయను చివర్లో తడిపి మూట కట్టడమన్న మాట! అమ్మ, పక్కింటి పెద్దమ్మ, నేను చేత్తోనే వలిచాం. పది కిలోల కాయకు ఏడు కిలోల గింజ వచ్చింది. తర్వాత ఏరడం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పొట్టు చీలినవి, పురుగు తొలిచినవి పక్కన పెట్టాలి. బూజు విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొన్ని గింజల్లోనే కుప్పగా ఉంటుంది. అందుకే ఏరే చేతికి అంత విలువ. చేటలో పోసుకుని వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఏరితే ఏడు కిలోల్లో ముప్పావు కిలో పోయింది. ఈ పని తొందరపడి చేసేది కాదు. నేను ఇప్పటికీ ఒక పూట పూర్తిగా దీనికే ఇస్తాను.

ఇక నానబెట్టడం. కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం ఉప్పు వేసి ఎనిమిది గంటలు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి. ఎండాకాలం కాబట్టి ఆ గిన్నె ఫ్రిజ్‌లోనే. పొద్దున పొట్టు వేళ్ల మధ్య జారిపోతుంది. తర్వాత ఆరబెట్టడం దగ్గర నేను రెండుసార్లు చెడగొట్టాను.

మొదటిసారి మిద్దె మీద ఒక దినం ఎండబెట్టి, చేతికి పొడిగా తగిలితే చాలనుకుని రుబ్బాను. పిండి అయింది, ముద్ద అయింది, అక్కడ ఆగిపోయింది. గంటసేపు తిప్పినా నూనె వదల్లేదు, గోధుమపిండి కలిపినట్టు బిరుసుగా నిలిచింది. గింజ నడుమ తడి ఉంది. ఒక్క చెంచా నీళ్లు పడినా వెన్న ఇట్లే బిగుసుకుంటుంది. రెండోసారి తడి పోవాలని నడి ఎండలో స్టీలు పళ్లేల్లో పెట్టాను. థర్మామీటరు పెట్టి చూస్తే పళ్లెం 58 డిగ్రీలు చూపించింది. పచ్చివి అనే పేరుకు 45 లోపలే ఉండాలని నేను పెట్టుకున్న లెక్క పోయింది, అంచున ఉన్న గింజలు కొద్దిగా కమిలి నూనె వాసన వచ్చింది.

మూడోసారి నులక మంచం మీద పల్చటి పంచె పరిచి, ఒక్క వరసగా గింజలు పోసి, పైన ఇంకొక పంచె నీడగా కట్టాను. ఏప్రిల్ చివర తిరుపతి గాలే నలభై డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, దానికి వేరే మిషను అక్కర్లేదు. పొద్దుగూకగానే లోపలికి తెచ్చి ఫ్యాను కింద పెట్టడం. తూకం ఒక ఉపాయంగా దొరికింది: కిలో గింజలు నానితే కిలో నాలుగు వందలకు దగ్గరగా వచ్చాయి. ఆరినాక మళ్లీ కిలో కంటే కొంచెం తక్కువకు దిగేదాకా ఆగాను, పొట్టు బరువు పోయింది గదా. రెండున్నర దినాలు పట్టింది. గింజను విరిస్తే పటుక్కుమనాలి, వంగకూడదు. తడిగింజ వెచ్చటి చోట ఎక్కువసేపు ఉంటే ఏం జరుగుతుందో నవంబరులో చూశాను కాబట్టి, మబ్బు పట్టిన రోజు నేను అసలు నానబెట్టను. అట్లాంటప్పుడు నానబెట్టకుండా పొడిగింజనే రుబ్బుతాను. రుచి కొంచెం వగరుగా ఉంటుంది, అంతే తేడా.

రుబ్బడానికి మిక్సీ పనికిరాలేదు. వేడెక్కిపోతుంది, నాలుగు నిమిషాలకు ఆగిపోయి కింద ఎర్ర బటన్ నొక్కమంటుంది. అత్త దోసెపిండి రుబ్బే కోయంబత్తూరు గ్రైండరు చూపించి, "రాయి ఉండగా బ్లేడు ఎందుకమ్మా?" అంది. ముందురోజే కడిగి, ఎండలో పెట్టి, రాళ్లు చుక్క తడి లేకుండా చేసుకున్నాం. మిక్సీలో ఆపి ఆపి తిప్పి రవ్వ చేసి, ఆ రవ్వను గుప్పెడు గుప్పెడు గ్రైండరులో వేశాం. అరగంటకు ముద్ద అంచులకు అతుక్కుంది. కర్రగరిటెతో తోస్తూ కూర్చున్నాం. గంట దాటినాక ముద్ద మెరవడం మొదలైంది. వేయించిన గింజ తొందరగా నూనె వదులుతుంది, పచ్చిది ఓపిక అడుగుతుంది. మూడు గంటలకు రాళ్ల మీదినుంచి లేత గోధుమ రంగులో దారంలాగా జారింది. వేలితో తీసి నాకితే పచ్చి బఠానీ, కొబ్బరి, చేను మన్ను వాసన కలిసిన రుచి. వేయించిన చెనిక్కాయ ఘుమఘుమ ఉండదు. ఆ వాసన కోసం ఎదురుచూసేవాళ్లకు ఇది మొదట నచ్చదు. అత్త మాత్రం, "మా అవ్వ రుబ్బురోట్లో బెల్లమేసి నూరి ఇచ్చేది, ఇదే గదా!" అంది.

నువ్వుల వెన్న దీనికంటే తేలిక అనుకున్నాను, కాదు. పొట్టు నువ్వులు రుబ్బితే చేదు దిగుతుంది. నానబెట్టి రుద్ది పొట్టు తేల్చేసిన చాయనువ్వులు వాడితే తీపిగా ఉంటుంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో సున్నం (కాల్షియం) బాగా ఎక్కువ ఉంటుంది గానీ అందులో చాలావరకు ఆక్సలేటు రూపంలో ఉండి ఒంటికి సులభంగా పట్టదు. కాబట్టి పొట్టు పోయిందని నేను బాధపడలేదు. గుమ్మడి గింజలతో చేస్తే ఆకుపచ్చగా వస్తుంది, నిమ్మరసం, పచ్చిమిర్చితో సంగటిలోకి బాగుంటుంది. అంగట్లో పచ్చి జీడిపప్పు అని అమ్మేది మాత్రం పచ్చిది కాదు. జీడి డొల్లలో చర్మం కాలే నూనె ఉంటుంది కాబట్టి ఆవిరికో వేడికో పెట్టకుండా దాన్ని పగలగొట్టరు. ఆ పేరు నేను నా సీసాల మీద రాయను.

తినడం గురించి కొంచెం. రోజుకు రెండు పెద్ద చెంచాలు, అంతకంటే వద్దు. వంద గ్రాముల్లో ఆరు వందల క్యాలరీలకు దగ్గరగా ఉంటాయి, మంచిదని గిన్నెకు గిన్నె తింటే నడుము చుట్టే చేరుతుంది. సంగటి ముద్దలో గుంట చేసి వెన్న వేసి, ఎండుమిర్చి, తెల్లగడ్డ, చింతపండు నూరి కలిపితే మా ఊరిబిండి పచ్చడికి చెల్లెలు లాంటిది వస్తుంది. అంబలిలో మజ్జిగకు బదులు ఒక చెంచా వెన్న నీళ్లలో చిలికి పోసుకుంటాను. పెరుగు కోసం చెనిక్కాయ పాలు తీసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టాను. మూడో ప్రయత్నానికి గడ్డగా పేరుకుంది. ధనుర్మాసంలో అనపగింజల పితికిపప్పులో కొబ్బరికి బదులు నువ్వుల వెన్న వేస్తే అమ్మ గిన్నె ఖాళీ చేసింది. ఆ రోజునుంచి మాటలు మామూలయ్యాయి.

ఒక పొరపాటు దాచకూడదు. పాలు మానేసి ఏడాది కాకముందే అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. అలసట అనుకున్నాను. పరీక్షలో బి12 మిల్లీలీటరుకు 148 పికోగ్రాములు, 200 పైన ఉండాలి. బి12 చెట్టు తిండిలో నమ్ముకునేంత దొరకదు, అది సూక్ష్మజీవులు తయారుచేసేది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, మూడు నెలలకు తిమ్మిరి తగ్గింది. అప్పటినుంచి మాత్ర మానలేదు. పాలు, గుడ్డు పూర్తిగా మానేవాళ్లెవరైనా మొదటి రోజునుంచే దీని గురించి డాక్టరును అడగండి. నేను ఆలస్యం చేశాను. హెచ్‌బిఎ1సి 5.8కి దిగింది, అందులో రోజూ కపిలతీర్థం దాకా నడిచే నడకకు, తెల్లన్నం తగ్గించినదానికి ఎంత భాగముందో, వెన్నకు ఎంతుందో విడదీసి చెప్పలేను.

చుట్టుపక్కల వాళ్లు అడిగితే ఇవ్వడం మొదలైంది. ఏడాదికి వంద రూపాయలు కట్టి తిండి పదార్థాల నాణ్యత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐలో చిన్న వ్యాపారం కింద నమోదు చేసుకున్నాను. సీసా మీద సేంద్రియం అని రాయమని చాలామంది చెప్పారు. రాయలేదు. ఆ మాట రాయాలంటే ధ్రువీకరణ ఉండాలి, ఏకవార్షిక పంటలకు భూమి రసాయనాలు ఆపి రెండేళ్లు మార్పిడిలో ఉండాలి. నాయన మరో నలుగురు రైతులతో కలిసి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసి ధ్రువీకరించుకునే పీజీఎస్ గుంపు కట్టినాడు. ఆ కాగితం చేతికి వచ్చినాకే రాసుకుందాం అన్నాడు, నాకూ అదే న్యాయమనిపించింది. కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలున్న ఇళ్లకు, ముసలివాళ్లకు పచ్చిది ఇవ్వను, సన్నసెగ మీద బాగా వేయించి చేసిందే ఇస్తాను. 2008-09లో అమెరికాలో చెనిక్కాయ వెన్నలో సాల్మొనెల్లా చేరి ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, తొమ్మిదిమంది చనిపోయారు. ఆ క్రిమి పొడి వెన్నలో పెరగకపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది. మంచి తిండి అని నమ్మి తీసుకునేవాళ్ల దగ్గర నాకు ఆ భయం ఉండాల్సిందే. పచ్చిది చిన్న సీసాల్లో, ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు అయిపోయేంతే చేస్తాను. నూనె పైకి తేలితే సీసాను ఒక రాత్రి తలకిందులుగా పెడితే సరిపోతుంది.

ఈ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నాయన కళ్లంలోనుంచి ఫోను చేసినాడు. పలకరింపు కూడా లేదు. ఏదో గరగరమని చప్పుడు వచ్చింది.

"ఇనపడ్తాందా పాపా?"

"ఏంది నాయనా అది?"

"కాయ. ఐదు దినాల ఎండ తగిలిండాది. మూటకెత్తుదామా?"

ఇంకొకసారి ఊపమన్నాను. ఫ్యాను ఆపి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. గలగలల మధ్య ఎక్కడో రెండు మూడు కాయలు మెత్తగా పలికాయి.

"ఇంగొక దినం ఆరనీ నాయనా."

"నాకూ అట్లే అనిపిచ్చిండాది" అని ఫోను పెట్టేసినాడు.